నాన్న కాబోతున్నాను: ఇంట్లో రెండు పిల్లులు, ఒక సర్వరు, బోలెడు సందేహాలు

మిరియం_నాన్న (నిజాంపేట)

అందరికీ నమస్కారం. మా ఆవిడకి ఐదో నెల. మొన్న టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలన్నీ సరిగ్గా ఉన్నాయేమో చూసేది) చేయించాం, అంతా సవ్యంగా ఉందన్నారు. వేవిళ్ళు తగ్గి ఇప్పుడిప్పుడే కాస్త తిండి సయిస్తోంది. తను బ్యాంకులో, నేను సాఫ్ట్‌వేర్‌లో. నాకు వారంలో మూడు రోజులు ఇంటినుంచే పని.

ఇంట్లో రెండు పిల్లులు. మిరియం నల్లది, పెళ్ళికి ముందునుంచీ నాతోనే ఉంది. సున్నుండని మా ఆవిడే ఒక వానాకాలం సెల్లార్‌లోంచి చీరకొంగులో చుట్టి తెచ్చింది. ఇక రెండో బెడ్‌రూమ్ నిండా నా సామానే: డెస్క్‌టాప్, డెబియన్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) వేసి ఇంటి సర్వరుగా వాడుకుంటున్న పాత సీపీయూ (ఫొటోలు, పాటలు, బ్యాకప్పులు అన్నీ అందులోనే), యూపీఎస్, సోల్డరింగ్ డబ్బాలు. ఆ గది ఇక పాపాయిది.

అత్తగారూ, మా అమ్మా పిల్లుల్ని ఎవరికైనా ఇచ్చేయమంటున్నారు. పిల్లి వెంట్రుక కడుపులోకి పోతే బిడ్డకి మంచిది కాదని ఒకరు, పసిబిడ్డ గుండెల మీదెక్కి పడుకుంటుందని ఇంకొకరు. మా ఆవిడ ససేమిరా అంటోంది. నాకూ ఇవ్వాలని లేదు. కానీ తన ఆరోగ్యం దగ్గర మొండితనం పనికిరాదు కదా. నిజంగా ప్రమాదం ఎక్కడుంది, ఎక్కడ లేదు? తెలిసినవాళ్ళు చెప్పండి. అలాగే ఆ సీపీయూని ఎక్కడికి మార్చాలో కూడా.

ఓరుగల్లు_పోరడు

అన్నా, ముందుగాల శుభాకాంక్షలు! మా ఇంట్ల గూడ గిదే లొల్లి అయింది. పిల్లిని ఎవ్వరికీ ఇయ్యలే. బిడ్డకిప్పుడు రెండేండ్లు, పిల్లితోనే ఆడుకుంటది. నువ్వొక్క పని చెయ్యి, లిట్టర్ డబ్బా (పిల్లులు దొడ్డికి పోయేది) ఇయ్యాల్టి సంది నువ్వే సాఫ్ చెయ్యి. వదినను దాని దిక్కు పోనియ్యకు. మిగిలింది డాక్టరమ్మ చెప్తది, రాత్రిపూట ఈడికి వస్తది.

పశువుల_డాక్టరమ్మ

వచ్చాను. మీ ఇద్దరికీ శుభాకాంక్షలు.

అసలు భయం వెంట్రుకది కాదు, టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవిది. పిల్లి పచ్చిమాంసమో, ఎలుకనో, పిట్టనో తిన్నప్పుడు అది లోపలికి చేరుతుంది. మొదటిసారి సోకినప్పుడు ఒకటి నుంచి మూడు వారాలపాటు పిల్లి మలంలో దాని గుడ్లలాంటివి బయటికి వస్తాయి, ఆ తర్వాత సాధారణంగా ఆగిపోతాయి. ఇంకో సంగతి. బయటపడగానే అవి సోకవు, సోకే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. అందుకే లిట్టర్ డబ్బా రోజూ శుభ్రం చేస్తే ప్రమాదం చాలావరకు పోతుంది. ఆ పని గర్భిణి కాకుండా ఇంకొకరు చేస్తే ఇంకా మంచిది. చెయ్యక తప్పకపోతే గ్లౌజులు వేసుకుని చేసి, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. డబ్బాని మరిగే నీళ్ళతో కడగండి.

గడప దాటకుండా, ప్యాకెట్ తిండో ఉడికించిన చికెనో తినే పిల్లి నుంచి ఇది రావడం అరుదు. మనుషులకి ఎక్కువగా సరిగ్గా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలు, మట్టి అంటిన చేతుల ద్వారా వస్తుంది. పిల్లిని పంపేసి సగం కాలిన కబాబ్ తింటే ఏం లాభం?

మీ డాక్టర్‌ని టాక్సో ఐజీజీ, ఐజీఎమ్ (రక్తంలోని రెండు రకాల యాంటీబాడీలు) పరీక్ష గురించి అడగండి. అందరికీ రాయరు, ఇంట్లో పిల్లులున్నాయని చెప్పాలి. ఐజీజీ ఉండి ఐజీఎమ్ లేకపోతే పాత ఇన్ఫెక్షన్ అని, బిడ్డకి దాదాపు భయం లేదని అర్థం. రెండూ లేకపోతే ఇంతవరకు సోకలేదని, కాన్పయ్యేదాకా జాగ్రత్తగా ఉండాలని. ఐజీఎమ్ వస్తే మాత్రం మీరే కంగారు పడిపోకండి, దాన్ని తేల్చే పరీక్షలు వేరే ఉన్నాయి, డాక్టర్ చూసుకుంటారు.

పిల్లులకి రేబీస్, ట్రైక్యాట్ (పిల్లి జబ్బులకి వేసే కలిపి టీకా) టీకాలు వేయించే తేదీ దాటిందేమో పుస్తకం తీసి చూడండి. నట్టల మందు వేయించండి. ఒకవేళ పిల్లి మీ ఆవిడని గీరినా కొరికినా పదిహేను నిమిషాలు ధారగా వస్తున్న నీళ్ళ కింద సబ్బుతో కడిగి, ఆసుపత్రికి వెళ్ళండి. రేబీస్ టీకా గర్భిణులకీ వేస్తారు, దానికి వెనకాడొద్దు.

మిరియం_నాన్న

డాక్టరమ్మా, చాలా చాలా థాంక్స్. ఇది చదువుతుంటేనే ఒకటి తట్టింది. బాల్కనీలో కొత్తిమీర, పుదీనా కుండీలున్నాయి. సున్నుండకి డబ్బా కన్నా కొత్తిమీర కుండీయే ఇష్టం, తవ్వి కూర్చుంటుంది. మా ఆవిడ అక్కడే కోసి పచ్చడి చేస్తుంది.

పశువుల_డాక్టరమ్మ

మీ ఇంట్లో జాగ్రత్త పడాల్సిన చోటు అదే! ఆ కొత్తిమీర ఇప్పుడే పీకేయండి. పుదీనా కూడా. తడి మట్టిలో ఆ టాక్సోప్లాస్మా గుడ్లలాంటివి నెలల తరబడి బతుకుతాయి. కుండీ మట్టి మీరే గ్లౌజులు వేసుకుని సంచిలో కట్టి పారేయండి. మిగతా మొక్కల చుట్టూ మట్టి కనబడకుండా గులకరాళ్ళు పరవండి, లేదా కోళ్ళ గూటికి వాడే జాలీ ముక్క కోసి వేయండి. కాన్పయ్యేదాకా తను కుండీల్లో చెయ్యి పెట్టకూడదు. బజారు కొత్తిమీరని కూడా మూడు నాలుగు నీళ్ళలో కడిగి, పచ్చడికైతే వేయించి నూరుకోమనండి.

అలాగే లిట్టర్ డబ్బాలు ఎన్ని ఉన్నాయి? రెండు పిల్లులకి మూడు ఉంటే మంచిది. డబ్బా నచ్చకే అది కుండీ వెతుక్కుంటోంది.

గోదారి_అమ్మమ్మ (రాజమండ్రి)

బాబూ, పెద్దవాళ్ళ మీద కోపం తెచ్చుకోకు. మా రోజుల్లో పిల్లులంటే వీధి పిల్లులేనయ్యా. దొడ్లో ఎలకల్ని తిని, అటకెక్కి పాలు తాగి పోయేవి. వాటికి టీకాలెక్కడివి? పురిటిగదిలోకి దూరతాయని కర్ర పట్టుకు కాపలా కాసేవాళ్ళం. మీ అత్తగారు చూసింది ఆ పిల్లుల్ని, నీ మిరియాన్ని కాదు. డాక్టరమ్మ చెప్పింది అచ్చంగా ఆవిడకి చదివి వినిపించు. అల్లుడు స్వయంగా డబ్బా కడుగుతున్నాడని కళ్ళారా చూస్తే సగం మెత్తబడిపోతారు.

అంతేగానీ పిల్లి కూనల్ని ఏడిళ్ళు తిప్పినట్టు వీళ్ళింటా వాళ్ళింటా పెట్టకు. నోరులేని జీవాలు, బెంగపెట్టుకుంటాయి.

ఇంకో మాట. పురుడయ్యాక సాంబ్రాణి వేస్తారు కదా, ఆ పొగ తల్లి జుట్టు ఆరబెట్టుకోవడం వరకే, వేరే గదిలో. బిడ్డ ముక్కుకి తగలనివ్వొద్దు. మా మనవరాలి పిల్లల డాక్టరు గట్టిగా చెప్పాడు, అప్పట్నించీ మా ఇంట్లో మానేశాం.

పెన్నా_తీరం (నెల్లూరు)

నేను కొంచెం వేరే మాట చెప్తాను, తప్పుగా అనుకోవద్దు. మా ఆవిడకి ఉబ్బసం. ఆరో నెలలో ఆయాసం మరీ ఎక్కువై రాత్రిళ్ళు కూర్చునే నిద్రపోయేది. పరీక్షలు చేసి, పిల్లి పడదని ఊపిరితిత్తుల డాక్టరు తేల్చారు. మా పిల్లిని మా తమ్ముడింట్లో వదిలాం. పక్క వీధే, రోజూ వెళ్ళి చూస్తాను. అది హాయిగా ఉంది. అందరి ఇళ్ళలోనూ ఉంచుకోవడమే సరైనదనుకోకండి. తల్లికి ఊపిరి ఆడకపోతే వేరే ఆలోచన లేదు. అవసరం వస్తే, తెలిసిన ఇంట్లో బతికేలా ఏర్పాటు చేసి ఇవ్వాలి.

పశువుల_డాక్టరమ్మ

మీరు చేసింది నూటికి నూరుపాళ్ళు సరైన పని. ఉబ్బసం ఉన్నచోట లెక్క మారుతుంది. నా బాధంతా రోడ్డు మీదో, గుడి దగ్గరో వదిలేసి వెళ్ళేవాళ్ళ గురించే. ఆకలికి మాడేలా పెంపుడు జంతువుని వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. ఇంట్లో పెరిగిన పిల్లికి వీధిలో బతకడం రాదు.

సీటీసీ_పాతకాపు (సికింద్రాబాద్)

ఇక సీపీయూ సంగతి. దాన్ని అటక మీద మాత్రం పెట్టకండి. ఏప్రిల్, మే నెలల్లో ఫ్లాటు అటక వేడికి హార్డ్ డిస్క్ ఆయుష్షు తగ్గుతుంది. హాల్లో టీవీ యూనిట్ కింద, వెనక తెరిచి ఉన్న అర అయితే మేలు. రౌటర్ కూడా పక్కనే ఉంటుంది కాబట్టి కేబులు దూరం లాగక్కర్లేదు.

మిరియం దాని మీదే పడుకుంటుందా? పిల్లులు వేడికి అక్కడికే చేరతాయి. అంటే బొచ్చంతా గాలి లోపలికి పీల్చే ఫ్యాను వైపు పోతోందన్నమాట. పక్క డోరు తీసి చూడండి, ప్రాసెసర్ హీట్‌సింక్ రెక్కల మధ్య దుప్పటిలా పేరుకుని ఉంటుంది. ప్లగ్గు పీకి, బాల్కనీలోకి తీసుకెళ్ళి బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కని వేలితో పట్టుకోండి, లేకపోతే అడ్డదిడ్డంగా తిరిగి బేరింగ్ పోతుంది. పవర్ సప్లై డబ్బా మాత్రం విప్పొద్దు, ప్లగ్గు తీసినా అందులో కరెంటు నిలవుంటుంది, బయటినుంచే ఊదండి. ఆ సమయంలో మేడమ్ ఇంకో గదిలో ఉండాలి, ఆ దుమ్ము మంచిది కాదు. ముందువైపు అయస్కాంతంతో అంటుకునే జాలీ ఫిల్టర్ పెడితే నెలకోసారి దులుపుకుంటే చాలు. మా సీటీసీలో (సికింద్రాబాద్ కంప్యూటర్ల బజారు) ఏ షాపులోనైనా దొరుకుతుంది, కేబినెట్ ఫ్యాను సైజు చెప్పి తీసుకోండి.

హార్డ్ డిస్క్ గరగర శబ్దం రాత్రిపూట బాగా వినిపిస్తుంది. సిస్టమ్ వరకు ఎస్‌ఎస్‌డీకి (తిరిగే భాగాలు లేని, చప్పుడు చేయని డిస్క్) మార్చి, పెద్ద డిస్క్‌ని వాడనప్పుడు ఆగిపోయేలా పెట్టుకోండి.

టంకం_మాస్టారు (విశాఖ)

సోల్డరింగ్ డబ్బాలు అన్నారు కదా, అక్కడ ఆగాను. మన దగ్గర దొరికే తీగ ఎక్కువగా 60/40, అంటే నలభై పాళ్ళు సీసం. గర్భిణికీ పసిబిడ్డకీ సీసం విషం. వచ్చే పొగ ఎక్కువగా ఫ్లక్స్‌ది (టంకం అతుక్కోవడానికి తీగలో ఉండే జిగురులాంటిది). సీసం చేతికి అంటుకుని, బల్ల మీద రాలి, అక్కడినుంచి నోట్లోకి పోతుంది. కాబట్టి బిడ్డ గదిలో సోల్డరింగ్ ఇక వద్దు. ఆ బల్లని తడిగుడ్డతో తుడవండి, చీపురుతో ఊడిస్తే గాల్లోకి లేస్తుంది. సీసం లేని తీగకి మారండి. పని అయ్యాక చేతులు కడగకుండా పిల్లినీ నిమరొద్దు, అది ఒళ్ళు నాక్కుంటుంది.

దీనికన్నా ముఖ్యమైనది సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ. మదర్‌బోర్డులో ఉంటుంది, రిమోట్‌లో ఉంటుంది, మనలాంటి వాళ్ళ సొరుగుల్లో గుప్పెడు ఉంటాయి. పాకే బిడ్డ దాన్ని మింగితే, అన్నవాహికలో ఇరుక్కుంటే, రెండు గంటల్లోనే లోపల కాలిపోతుంది. బ్యాటరీలో చార్జింగ్ అయిపోయిందని నమ్మకూడదు, మన పరికరానికి పనికిరానిది కూడా బిడ్డని కాల్చగలదు. ఇప్పటినుంచే అన్నీ ఒక మూత బిగుతు డబ్బాలో వేసి పై అరలో పెట్టడం అలవాటు చేసుకోండి. చిన్న అయస్కాంతాలూ అంతే. పాపాయి పాకేనాటికి ఎనిమిది తొమ్మిది నెలలుంటుంది, అప్పుడు చూద్దామంటే మర్చిపోతాం.

మిరియం_నాన్న

మాస్టారూ, ఈ రాత్రే సొరుగులన్నీ వెతుకుతాను. బిళ్ళ బ్యాటరీ సంగతి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

ఇంకొక ఆలోచన ఉంది. మా ఆవిడ బీపీ, బరువు, హిమోగ్లోబిన్, షుగర్ అన్నీ సర్వర్‌లో పెట్టి గ్రాఫులు వచ్చేలా చేద్దామని. ఏడో నెల నుంచి బిడ్డ కదలికలు కూడా ఫోన్‌లో ఒక మీట నొక్కితే లెక్క పడేలా. ఎలా ఉంటుందంటారు?

ఇద్దరి_అమ్మ (విజయవాడ)

తమ్ముడూ, నీ ప్రేమ కనిపిస్తోంది. ముందు తనని అడుగు. అవి తన ఒంటి లెక్కలు. నెలకి రెండు కిలోలు పెరిగానని హాల్లో గోడ మీద గీత గీసినట్టు చూపిస్తే నాకైతే ఏడుపొచ్చేది. తనకి ఇష్టమైతే చెయ్యి, తను చూడమన్నప్పుడే చూడు.

కదలికల సంగతి జాగ్రత్త. మీట నొక్కితే ఎన్ని వచ్చాయన్నది ఒక్కటే కాదు, రోజూ ఎలా తిరుగుతాడో తల్లికే తెలుస్తుంది. ఎప్పటికన్నా తగ్గిందని తనకి అనిపిస్తే, గ్రాఫు బాగున్నా సరే, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళు. లెక్క చూసి ఫర్వాలేదని నువ్వు చెప్పకూడదు.

నీకు కంప్యూటర్ వచ్చు కదా, అందరికీ పనికొచ్చే పని ఒకటి చెప్తాను. స్కాన్ బొమ్మలు చిన్న మెరుపు కాగితం మీద ఇస్తారు చూడు, అది థర్మల్ కాగితం. రెండేళ్ళలో వెలిసిపోతుంది. మా పెద్దవాడి మొదటి బొమ్మ ఇప్పుడు ఖాళీ కాగితమే. ఇంటికి రాగానే స్కాన్ చేసి దాచు. ల్యామినేషన్ మాత్రం చేయించకు, ఆ వేడికి మొత్తం నల్లబడిపోతుంది. రిపోర్టులన్నీ తేదీ వరసన ఒకే పీడీఎఫ్‌గా పెట్టి మీ ఇద్దరి ఫోన్లలో ఉంచు. బ్లడ్ గ్రూపు, మందులు, పడని మందులు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో. అర్ధరాత్రి క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు అడిగేవి అవే. అసలు ఫైలు కూడా సంచిలోనే ఉండాలి, ఫోన్ చార్జింగ్ అయిపోతే?

ఇక మా ఆయన ఏం చేశాడో చెప్పనా? నా ఐరన్ మాత్ర మధ్యాహ్నం, కాల్షియం రాత్రి, రెండూ కలిపి వేసుకోకూడదని డాక్టరు ఒక్కసారే చెప్పింది. ఆఖరి రోజుదాకా ఆ మాత్రా నిమ్మరసం గ్లాసూ తనే తెచ్చి చేతికిచ్చాడు. నేను మర్చిపోయే అవకాశమే ఇవ్వలేదు. ఇన్నేళ్ళయినా నాకు గుర్తున్నది అదే.

మిరియం_నాన్న

అక్కా, తనని అడిగాను. "హిమోగ్లోబిన్ గ్రాఫు పెట్టు, బరువు వద్దు, కదలికలు నేనే చూసుకుంటా" అంది. అలాగే చేస్తున్నాను. ఇప్పటిదాకా ఇచ్చిన స్కాన్ బొమ్మలన్నీ 600 డీపీఐలో ఎక్కించాను. ఒక కాపీ సర్వర్‌లో, ఒకటి బయటి డిస్క్‌లో, ఒకటి మా బావమరిది దగ్గర తెనాలిలో.

తెనాలి అంటే గుర్తొచ్చింది. ఎనిమిదో నెలలో శ్రీమంతం చేసి పుట్టింటికి తీసుకెళ్తారు. కాన్పు అక్కడే, మూడో నెల నిండాక తల్లీబిడ్డా ఇక్కడికి. అంతవరకు నేనూ పిల్లులూ నిజాంపేటలో, శని ఆదివారాలు తెనాలిలో. ఆ రెండు రోజులు పక్క ఫ్లాటు ఆంటీ వచ్చి తిండి పెడతామన్నారు. అంటే పిల్లులు బిడ్డని చూసేది మూడు నెలలయ్యాకే. ఇది మంచిదా?

పశువుల_డాక్టరమ్మ

ఒకందుకు మంచిదే. అలవాటు చెయ్యడానికి సమయం దొరుకుతుంది. ప్రతి ఆదివారం తెనాలి నుంచి బిడ్డకి చుట్టిన, ఉతకని పాత పంచె ముక్క ఒకటి తెచ్చి, పిల్లులు తినే చోటికి కాస్త దూరంగా పెట్టండి. వాటంతటవే వాసన చూసుకుని పోతాయి, బలవంతంగా ముక్కు దగ్గర పెట్టొద్దు. ఫోన్‌లో బిడ్డ ఏడుపు రికార్డు చేసుకొచ్చి తిండి పెట్టేటప్పుడు మెల్లగా వినిపించండి, వారం వారం శబ్దం కొద్దిగా పెంచండి.

పాపాయి గదిలో ఉయ్యాల ఇప్పుడే వేలాడదీస్తే సున్నుండ దాన్ని సొంతం చేసుకుంటుంది. కాబట్టి ఆ గది తలుపు ఇప్పటినుంచే మూసి ఉంచే అలవాటు పెట్టండి. బిడ్డ నిద్రపోతున్నప్పుడు తలుపు మూసే ఉండాలి. దోమతెరని నమ్మొద్దు, పిల్లి ఎక్కితే తెర బిడ్డ మీదికి వంగుతుంది. మీ అమ్మగారి భయంలో ఆ మాత్రం నిజముంది. పిల్లికి బిడ్డ మీద పగ ఉండదు, వెచ్చగా ఉంటుందని పక్కకి చేరుతుంది. కానీ మెడ తిప్పుకోలేని పసిబిడ్డకి అదే ప్రమాదం.

పిల్లులకి తిండి ఇప్పుడు ఎవరు పెడుతున్నారు? మీ ఆవిడైతే ఈ వారం నుంచే మీరు పెట్టండి. తను తెనాలి వెళ్ళిన రోజే మనిషీ, తిండి వేళా రెండూ మారితే మిరియం తినడం మానేస్తుంది. పిల్లి రెండు రోజులు తిండి మానేసిందంటే కాలేయానికి ముప్పు, వెంటనే చూపించాలి.

బిడ్డని చూడ్డానికి వచ్చేవాళ్ళు బొకేలు తెస్తారు. అందులో పెద్ద రేకుల లిల్లీలుంటే గుమ్మం బయటే తీసేయండి. దండల్లో కట్టే సన్నటి తెల్ల లిల్లీల మాట కాదు నేను చెప్పేది, బాకాలా విచ్చుకుని నారింజ రంగు పుప్పొడి రాలేవి. ఆ పుప్పొడి నాక్కున్నా పిల్లి కిడ్నీలు పోతాయి.

డాలస్_వాసు

తెనాలి నుంచి పిల్లుల్ని చూసుకోవడానికి ఎలాగూ కెమెరా పెడతారు కాబట్టి ఒక హెచ్చరిక. రేపు అదే కెమెరా పాపాయి గదిలోకి వస్తుంది. రౌటర్‌లో పోర్టు తెరిచి నేరుగా ఇంటర్నెట్‌కి పెట్టొద్దు. అలా తెరిచిన కెమెరాల కోసం ఇరవై నాలుగు గంటలూ వెతికే బాట్లుంటాయి. మీ డెబియన్ పెట్టెలో వైర్‌గార్డ్ (బయటివాళ్ళకి కనబడని సొంత దారి వేసే వీపీఎన్) వేసి, ఫోన్ నుంచి దాని ద్వారానే చూడండి. ఇంటి కనెక్షన్‌కి పబ్లిక్ ఐపీ (బయటినుంచి నేరుగా చేరే చిరునామా) లేకపోతే అలాంటిదే టెయిల్‌స్కేల్ పనిచేస్తుంది. కెమెరాతో వచ్చిన పాస్‌వర్డు మొదటి రోజే మార్చండి. మా అమ్మ ఖమ్మంలో కూర్చుని ఇక్కడి మనవణ్ణి అలాగే చూస్తుంది.

కేంద్ర_కొలువు

సెలవు సంగతి ఎవరూ ఎత్తలేదు. మాకు, అంటే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి, ఇద్దరు పిల్లల లోపైతే తండ్రికి 15 రోజుల సెలవు ఉంది. కాన్పుకి 15 రోజుల ముందు నుంచి, కాన్పయిన ఆరు నెలల్లోపు ఎప్పుడైనా వాడుకోవాలి, లేకపోతే పోతుంది. ప్రైవేటులో తండ్రికి ఇంత ఇవ్వాలని చట్టం లేదు, కంపెనీ దయ. మీ హెచ్‌ఆర్ పాలసీ ఇప్పుడే చదివి, మేనేజరుకి మెయిల్‌లో తేదీలు రాసి పెట్టండి. వీలైతే అన్నీ కాన్పు రోజుల్లోనే వాడేయకండి. అప్పుడు చుట్టూ పదిమంది ఉంటారు. తల్లీబిడ్డా హైదరాబాద్ వచ్చిన మొదటి వారంలో ఎవరూ ఉండరు, మీరు అప్పుడు కావాలి. మీ ఆవిడకి ప్రసూతి సెలవు 2017 చట్ట సవరణ తర్వాత 26 వారాలు వస్తుంది, ఆ లెక్క కూడా చూసుకోండి.

ఓరుగల్లు_పోరడు

గిది బంగారం లాంటి మాట. నేను గట్లనే చేసిన. రాత్రి రెండింటికి డైపర్ నేను మార్చేది, ఆమె పండుకునేది.

మిరియం_నాన్న

ఇప్పటివరకు అయిన పనులు చెప్తాను. టాక్సో రిపోర్టు వచ్చింది, ఐజీజీ, ఐజీఎమ్ రెండూ నెగటివ్. డాక్టరమ్మ చెప్పినట్టు జాగ్రత్తలన్నీ కాన్పయ్యేదాకా ఉంటాయి. కొత్తిమీర కుండీ ఖాళీ, మూడో లిట్టర్ డబ్బా వచ్చింది, సున్నుండ దానికి అలవాటు పడింది. సీపీయూ టీవీ కిందికి చేరింది. లోపలినుంచి తీసిన బొచ్చు అరచేతి నిండా వచ్చింది. సోల్డరింగ్ సామాను మొత్తం స్నేహితుడి వర్క్‌షాపుకి ఇచ్చాను. అత్తగారు వీడియో కాల్‌లో నేను డబ్బా కడగడం చూసి, "మాస్కు కూడా పెట్టుకోవయ్యా" అన్నారు. పిల్లుల్ని ఇచ్చేయమన్న మాట మళ్ళీ రాలేదు.

ఒక్కటి మిగిలింది. కరెంటు పోయిన ప్రతిసారీ యూపీఎస్ కీచుమని అరుస్తుంది. ఇప్పుడే మా ఆవిడ నిద్రలోంచి ఉలిక్కిపడుతోంది, రేపు బిడ్డ కూడా లేస్తుంది. దానికి మీటేమీ లేదు.

సీటీసీ_పాతకాపు

వెనక యూఎస్‌బీ పోర్టుంటే సీపీయూకి కలిపి, నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్ ప్యాకేజీ వేసుకోండి. యూపీఎస్‌సీఎండీ (upscmd) కమాండ్‌కి బీపర్.డిజేబుల్ (beeper.disable) అని ఇస్తే చాలా మోడళ్ళు నోరు మూసుకుంటాయి. కొన్నింటికి బీపర్.టోగుల్ (beeper.toggle) అని ఉంటుంది. మీ మోడల్ దేనికి పలుకుతుందో యూపీఎస్‌సీఎండీ -ఎల్ (upscmd -l) అని, పక్కన యూపీఎస్ పేరు కొడితే జాబితా వస్తుంది. అదే ప్యాకేజీతో బ్యాటరీ అయిపోయే ముందు సర్వర్ తనంతట తనే షట్‌డౌన్ అయ్యేలా పెట్టుకోండి, ఎందుకంటే అరుపు లేకపోతే మీకు తెలియదు.

మిరియం_నాన్న

బీపర్.టోగుల్‌తో ఆగింది! మెయిన్ తీసేసి చూశాను, చప్పుడు లేదు. షట్‌డౌన్ సెట్టింగ్ ఈ ఆదివారం చేస్తాను, శనివారం శ్రీమంతం చీర కొనడానికి వెళ్తున్నాం.